కారు కొన్నవానికి తాళపు రహస్యమును చెందవలెను

ఉప్పల్ రింగు రోడ్డు నుండి నాచారము, మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ చౌరస్తాకును, అచ్చటినుండి నాగారము దాటి కీసరకును పోవు త్రోవపొడుగునను రేకుల షెడ్లలో కార్లను విప్పి బిగించు పనివారు ఎందరున్నారో ఆ దారిని నిత్యము తిరుగువారికి చెప్పనక్కరలేదు. ఒక తరము క్రిందట ఆ షెడ్లకు వచ్చు బండ్ల జబ్బులు కంటికి కనబడునవి, చేతికి అందునవి: కార్బురేటరులో మడ్డి చేరుట, పాయింట్లు కాలుట, ఫ్యాను బెల్టు తెగుట. నేడు త్రాడు కట్టి లాగుకొనివచ్చు బండ్లలో కొన్నింటి జబ్బును యజమాని ఒక్క మాటలో చెప్పి ఊరకుండును: "సెల్ఫు తిరుగుతోంది గాని బండి అందుకోవడం లేదు." ట్యాంకులో డీజిలున్నది, బ్యాటరీ నిండుగానున్నది, ఇంజనులో ఇనుమునకు వచ్చిన కొరత యేమియు లేదు. డ్యాష్‌బోర్డుపై తాళంచెవి బొమ్మగల చిన్న దీపము మాత్రము ఆగియాగి వెలుగుచుండును. ఆ బండి తన యజమాని చేతనున్న తాళంచెవిని గుర్తించుట లేదని ఆ దీపమునకర్థము.

దొంగను ఆపుటకై పెట్టిన తాళము కొన్నవానికే అడ్డుపడినపుడు దానిని తీయించుకొను హక్కు వానికుండవలెననియు, ఆ విద్య నేర్చిన పొరుగు పనివానికి దానిని చట్టసమ్మతముగ చేయు మార్గముండవలెననియు, ఆ మార్గమును ఏర్పరచు బాధ్యత ప్రభుత్వముదే యనియు నేను గట్టిగా నమ్ముచున్నాను. ఈ నమ్మకమునకు కారణములు చెప్పుటకు ముందు ఆ తాళము పనిచేయు విధమును కొంచెము వివరింపవలసియున్నది. ఏలయన, చిక్కంతయు అందులోనే యున్నది.

ఇప్పటి కారు ఇంజనునకు ఎంత ఇంధనము, ఏ క్షణమున, ఏ సిలిండరులోనికి చిమ్మవలెనో నిర్ణయించునది ఈసీఎం అని మన మెకానిక్కులు పిలుచు ఒక అల్యూమినియము పెట్టె. 2000 సంవత్సరము మొదలు మన దేశమున కాలుష్య ప్రమాణములు ఒకదానివెంట నొకటి కఠినమై, హైదరాబాదు నగరమున 2005లో బీఎస్-3, 2010లో బీఎస్-4, దేశమంతటను 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్-6 అమలులోనికి వచ్చుటతో, ఈ పెట్టె లేని కారు మనకు కొత్తగా దొరకుట అసంభవమైనది. తాళంచెవి తలలో, ప్లాస్టిక్కు లోపల, బ్యాటరీతో పనిలేని ఒక చిన్న చిప్పుండును. తాళంచెవిని తాళపు రంధ్రములో పెట్టి త్రిప్పినపుడు ఆ రంధ్రము చుట్టు నున్న తీగచుట్ట ఆ చిప్పునకు రేడియో తరంగముల ద్వారముననే శక్తినిచ్చి మేల్కొలుపును. చిప్పు తన సంకేతమును చెప్పును. ఇమ్మొబిలైజరు అను మరియొక యూనిట్టు దానిని సరిచూచి, ఈసీఎంతో తనకుగల రహస్యాంకముతో "ఇతడు మనవాడే" యని కబురంపును. ఆ కబురందినగాని ఈసీఎం ఇంజెక్టర్లను తెరువనీయదు. తాళంచెవి, ఇమ్మొబిలైజరు, ఈసీఎం అను ఈ మూడింటిలో ఏ యొక్కటి మారినను మిగిలిన రెండును దానిని పరాయిదిగనే చూచును. కొన్ని కార్లలో ఇంజను రెండు క్షణములు పలికి ఆగిపోవుటయు, కొన్నింటిలో అసలు పలుకకపోవుటయు అందువలననే.

ఈసీఎం ఏల మార్చవలసివచ్చుననగా, మన నగరపు తూర్పుభాగమున నివసించువారికి 2020 అక్టోబరును తలచుకొనిన చాలును. ఆ నెల 13వ తేదీన కీసరకు పొరుగుననున్న ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్క దినములో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసెను. రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలలో ఇండ్ల ముందర నిలిపియుంచిన కార్లు నీట మునిగెను. కొన్ని కార్లలో ఈసీఎం బానెట్టు క్రింద ఎత్తున నుండును గాని, కొన్నింటిలో అది ముందుసీటు కూర్చున్నవాని కాళ్ళకడ నుండును. బురదనీరు దాని కనెక్టరులోనికి జొచ్చి పిన్నులను పచ్చబారజేసి లోపలి పలకను కొరుకుచు పోవును. నీరు తగ్గిన పిదప ఆతురతతో తాళము త్రిప్పి చూచినవారు అంతవరకు మిగిలియున్న కొంచెమును గూడ పోగొట్టుకొందురు. నీట మునిగిన కారునకు మొదట బ్యాటరీ తీగ ఊడదీయవలెననియు, ఎంత ఆశగానున్నను తాళము త్రిప్పరాదనియు ప్రతి వానకాలమునకు ముందును పత్రికలవారు ప్రకటించిన బాగుండును. బీమా సంగతి వేరు: మామూలు పాలసీలో నీటివలన ఇంజనునకు కలుగు నష్టమునకు పరిహారమడిగినచో కంపెనీలు పెక్కుసార్లు పేచీ పెట్టును గనుక, దానికై వేరుగా కట్టవలసిన "ఇంజను ప్రొటెక్ట్" అను అదనపు షరతును మన తూర్పు కాలనీలవారు విడువకుండుట మంచిది.

నీరు చేరిన ప్రతి కారునకును ఈసీఎం పోయినట్లే యనుకొనుట కూడ తప్పు. అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియను ముందుగా ఫ్యూజులను, మెయిన్ రిలేను, బాడీకి బిగించిన ఎర్తు తీగలను చూచును. స్కానరుతో ఈసీఎం మాటలాడకున్నచో సెన్సరులకు పోవు అయిదు వోల్టుల లైనును కొలిచి, అది పడిపోయియుండిన సెన్సరులను ఒక్కొక్కటిగా ఊడదీయుచు పోవును. ఒక్క చెడిన సెన్సరు ఆ లైనును క్రిందికి లాగి ఈసీఎంను మూగదానిని చేయుట కలదు. ఎలుక కొరికిన తీగయొకటి అతుకుటతో తీరు జబ్బునకు పెట్టెను మార్చుమని చెప్పు అవివేకము చిన్న షెడ్డులోను కలదు, అద్దముల గోడలుగల పెద్ద సర్వీసు సెంటరులోను కలదు.

నిజముగా ఈసీఎం పోయినదని తేలినపుడు యజమానికి మిగులు దారులను చూడుడు. కంపెనీవారి సర్వీసు సెంటరులో కొత్తది తెప్పించి, చాసిస్ నంబరును బట్టి కంపెనీయొద్దనుండి రహస్యాంకమును రప్పించి, వారి కంప్యూటరుతోనే తాళంచెవులను జతపరపించుకొనుట ఒకటి. దీనికి పదుల వేల రూపాయలగును, కొన్ని వారములు నిరీక్షింపవలసియు నుండును. ఇట్లు జతపరచునపుడు పెక్కు కార్లలో మునుపటి తాళంచెవులన్నియు చెరిగిపోవును గనుక, ఇంట బీరువాలోనున్న రెండవ తాళంచెవిని కూడ వెంట గొనిపోవలెనన్న సంగతి ఎందరికో తెలియదు. పాతసామానుల అంగడిలో అదే నంబరుగల ఈసీఎంను కొని తెచ్చుట మరియొకటి. ధర అందులో నాలుగవ వంతో, అంతకన్న తక్కువయో యుండును. కాని ఆ పెట్టె వేరొక కారు రహస్యమును కడుపులో నుంచుకొని వచ్చును, కావున పెట్టినంత మాత్రమున బండి కదలదు. అప్పుడు నాచారము షెడ్డులోని పనివాడు చేయు పని చూడదగినది.

అతడు రెండు పెట్టెలను బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి, అంచుల నంటిన నల్లని జిగురును వేడిగాలితో మెత్తబరచి, పలక వంగకుండ మెల్లగా మూత లేపును. లోపల వడ్లగింజకన్న కొంచెము పెద్దదైన ఎనిమిదికాళ్ళ చిప్పొకటి యుండును. కొన్ని బాష్ యూనిట్లలో అది 95160 అను రకము. దాని జ్ఞాపకశక్తి అంతయు 2,048 బైట్లు. మనము ఫోనుతో తీసికొను ఒక ఫొటోలో వేయవ వంతైన లేదు. టన్ను బరువుగల కారు కదలుటయు మానుటయు ఆ కొలదిపాటి అంకెలపై నాధారపడియున్నది. పనివాడు పాత పెట్టెలోని చిప్పునకు క్లిప్పు తగిలించి ఆ అంకెలను కంప్యూటరులోనికి చదివించును. వెంటనే రెండవమారును చదివించును. రెండు ఫైళ్ళును అక్షరాలా ఒకటిగ లేకున్న చిప్పు కాళ్ళను బ్రష్షుతో తుడిచి మరల చదివించును. తెచ్చిన పెట్టెలోని అంకెలను కూడ ముందుగా చదివి, బండి నంబరు పేర భద్రపరచి, ఆ పిమ్మటనే దానిలో పాత కారు రహస్యమును వ్రాయును. ఇటులైనచో తాళంచెవులను మరల జతపరచు పనిలేదు. కొత్త పెట్టె పాతదాని గుర్తునే ధరించి కారులోనికి పోవును. కారులోనే ప్రోగ్రామింగు చేయవలసివచ్చినపుడు బ్యాటరీకి ఛార్జరు తగిలించియుంచుటను అతడు మరువడు. నడుమ వోల్టేజి పడిపోయినచో కొత్త పెట్టెయును నిర్జీవమగును. ఇంత ఓర్పుతోను శుచితోను చేయు పనిని దొంగపని యని ఎవరనగలరు? కొత్తతరము ఈసీఎంలలో ఈ రహస్యము వేరు చిప్పులో గాక ప్రధాన చిప్పు గర్భముననే దాగియుండుటచేత, కంపెనీ సహకారము లేనిదే ఇట్టి పని నానాటికి దుస్సాధ్యమగుచున్నది.

నాకు భయము గొలుపునది ఇంకొక దారి. ప్రోగ్రాములోనుండి ఆ సరిచూచుటనే తొలగించి, ఏ తాళంచెవితోనైన బండి నడుచునట్లు చేయుదురు. "ఇమ్మో ఆఫ్" అని దానికి వ్యవహారము. అది చౌక, అది త్వరితము. దానితో కారు యజమానికెంత సులభమగునో దొంగకును అంత సులభమగును. ఆ బండి పిదప చేతులు మారినపుడు కొన్నవానికి ఈ సంగతి తెలియను గూడ తెలియదు. సక్రమమైన దారిని అతిమూల్యముగను అందరానిదిగను చేసినకొలది ఈ అక్రమమైన దారి విశాలమగుచుండుటయే నేడు జరుగుచున్నది.

కంపెనీల వాదము మనకు తెలియనిది కాదు. రహస్యములను బయటివారికిచ్చినచో దొంగతనములు పెరుగుననియు, అరకొర పనివారివలన ప్రమాదములు వచ్చుననియు వారు చెప్పుదురు. ఇమ్మొబిలైజరు విలువను నేను తక్కువ చేయను. ఐరోపాలో 1995 నాటి ఆదేశమును బట్టి 1998 అక్టోబరు నుండి కొత్త కార్లన్నింటికిని అది విధిగానుండవలసివచ్చెను; కెనడాలో 2007 నుండి అట్లే. అమెరికాలో అట్టి విధి లేకపోవుటచేత కియా, హ్యుండయ్ కంపెనీలు అచ్చట తమ కార్లు అనేకములను ఇమ్మొబిలైజరు లేకయే అమ్మగా, 2022లో పిల్లలు వీడియోలు చూచి యూఎస్‌బీ తీగ కొనతో ఆ కార్లను ఎత్తుకొనిపోవుట మిక్కుటమయ్యెను. 2023 ఫిబ్రవరి నాటికి ఆ దొంగతనములవలన 14 ప్రమాదములును 8 మరణములును సంభవించినట్లు అచ్చటి రహదారి భద్రతా సంస్థయే ప్రకటించెను. కావున తాళముండవలసినదే. అయినను రహస్యమును దాచినంతమాత్రమున తాళము గట్టిపడదు. మెగామోస్ అను తాళపు చిప్పులోని లోపమును కనిపెట్టిన ముగ్గురు పరిశోధకులు దానిని 2013లో ప్రకటింపబోగా, ఫోక్స్‌వాగన్ కంపెనీ లండను హైకోర్టునకు పోయి నిషేధపుటుత్తరువు తెచ్చెను. రెండేండ్ల తరువాత, ఒక్క వాక్యము తీసివేసి, ఆ వ్యాసము ప్రకటితమైనది. ఆ రెండేండ్లును ఆ లోపము కార్లలో నుండనే యున్నది. దానిని ఎరుగకుండినవారు కార్లు కొన్నవారు మాత్రమే.

మన దేశమున ఈ వివాదము కొత్తది కాదు. విడిభాగములను, పరీక్షా పరికరములను స్వతంత్రులైన మెకానిక్కులకు అందనీయక కార్ల కంపెనీలు తమ ప్రాబల్యమును దుర్వినియోగము చేయుచున్నవని 2011లో కాంపిటీషన్ కమిషను ముందునకు వచ్చిన ఫిర్యాదుపై, 2014 ఆగస్టు 25న ఆ కమిషను 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించి, విడిభాగములును పరికరములును బయటి పనివారికి కూడ దొరకునట్లు చేయవలెనని ఆదేశించెను. 2016లో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయమున ఆ నిర్ణయమును సమర్థించి జరిమానా లెక్కను తగ్గించెను. తీర్పు వచ్చి దశాబ్దము దాటినను, ఉప్పల్‌లో ఈసీఎం పోయిన మధ్యతరగతి మనిషికి ఆ తీర్పువలన కలిగిన సౌఖ్యము స్వల్పము. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక పోర్టలును తెరచినది. కార్లును అందులో చేరినవి. పోర్టలులో ఫోను నంబర్లుండుట మేలే గాని, తాళపు రహస్యాంకము పోర్టలు తెరచినంతనే చేతికి రాదు.

కంపెనీయే దేశము విడిచిపోయినప్పటి సంగతి యోచింపుడు. షెవర్లే కార్లమ్మకమును జనరల్ మోటార్సు 2017తో ముగించెను; ఫోర్డు 2021లో ఇచ్చట తయారీ మానుచున్నట్లు ప్రకటించెను. సేవలు సాగుననియే ఆ సంస్థలు చెప్పినవి గాని, షోరూములు మూతబడినకొలది యజమాని పోవలసిన దూరము పెరుగుచునే యుండును. ఈ కంపెనీల కార్లు నేటికిని మన వీధులలో తిరుగుచున్నవి. వానిని నడిపించుచున్నది చాలవరకు ఈ రేకుల షెడ్ల పనివారే. రహస్యమును యజమానికే ఇచ్చుట కొత్త సంగతియు కాదు: ఫియట్ కంపెనీ తన కార్లతోపాటు రహస్యాంకముగల కోడు కార్డును, ఓపెల్ కంపెనీ "కార్ పాస్" అను కార్డును కొన్నవాని చేతికే ఇచ్చుచుండినవి. సాధ్యము కాదని ఇప్పటి కంపెనీలు చెప్పునది ఒకప్పుడు సామాన్యమైన ఆచారమే. ఆ కార్డు ప్రతి కొత్త కారుతోను, మూసిన కవరులో, ఆర్సీతో సమానమైన పత్రముగ ఇయ్యవలెనని నియమము చేయుటకు మన రవాణా శాఖకు అడ్డమేమి?

పాత కార్లకు మార్గము అమెరికావారు చూపినదే యున్నది. 2012లో మరమ్మతు హక్కు చట్టమునకు ఓటు వేసిన మసాచుసెట్స్ రాష్ట్రమువారు ఇమ్మొబిలైజరు సమాచారమును అందరికిని బాహాటముగ ఇచ్చివేయలేదు. పూర్వాపరములు విచారించి నమోదు చేసిన పనివారికి మాత్రము ఎన్ఏఎస్‌టీఎఫ్ అను సంస్థ ద్వారమున అందు ఏర్పాటును అంగీకరించిరి. పనివాడు యజమాని గుర్తింపు పత్రమును, బండి పత్రములను చూచి ఫారమునందు వ్రాసియుంచిన పిమ్మటనే రహస్యాంకము వానికి వచ్చును. ఐరోపావారును 2021లో ఇట్టి ఏర్పాటునకే నియమములు చేసిరి. మనకు ఇంతకన్న సులభమైన సాధనము చేతనున్నది: బండ్ల వివరములును, వాని యజమానుల ఫోను నంబర్లును చాలవరకు రవాణా శాఖ రికార్డులలో కలవు. నమోదైన పనివాడు చాసిస్ నంబరు పంపగా, యజమాని ఫోనునకు ఓటీపీ వచ్చి, అతడు సమ్మతించిన తరువాతనే రహస్యాంకము విడుదలయగునట్లు చేయవచ్చును. పోలీసు విచారణ జరిగిన పనివారి పట్టిక ఉప్పల్ ఆర్టీవో కార్యాలయపు గోడమీదనే వ్రేలాడదీయవచ్చును. కంపెనీ సాఫ్టువేరును దినమునకింత యని రుసుము తీసికొని వారికిచ్చినచో కంపెనీకి నష్టము లేదు. అట్టి దారి తెరచిన నాడు "ఇమ్మో ఆఫ్" చేయువానిని నిస్సంకోచముగ శిక్షింపవచ్చును.

ఇంతటి నమ్మకమునకు మన పనివారు తగుదురా యని శంకించువారు తమ చుట్టు నున్న చరిత్రను చూచినయెడల శంక తీరును. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఎలక్ట్రానిక్సు సంస్థయగు ఈసీఐఎల్ ఇచ్చటనే వెలసినది, టీడీసీ-12 అను కంప్యూటరును ఆ సంస్థ తయారుచేసినది, ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరనే యున్నది. ఆ సంస్థ నీడన కుషాయిగూడ, చర్లపల్లి, నాచారము పారిశ్రామికవాడలలో టంకము వేయుటయు సర్క్యూటు చదువుటయు రెండు తరములుగా జీవనోపాధియై యున్నది. రాష్ట్ర ప్రభుత్వము 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ సహకారముతో ఆధునికముగ తీర్చుటకు 2024లో పూనుకొనినది గనుక, ఈసీఎం మరమ్మతును ఇమ్మొబిలైజరు జతపరచుటను ఒక ప్రత్యేక పాఠ్యముగ చేర్చి, ఉత్తీర్ణులకు ఆ పట్టికలో ముందుగా చోటిచ్చినచో, వాట్సాప్ గ్రూపులలో దొరకు దొంగ ఫైళ్ళతో నేర్చుకొనవలసిన దుర్గతి మన కుర్రవారికి తప్పును.

చట్టము వచ్చువరకు పాత కారు కొనువారైనను ఒక జాగ్రత్త తీసికొనగలరు. బేరము కుదుర్చుకొనునపుడు రెండు తాళంచెవులును అడుగవలెను. రెండింటితోను వేర్వేరుగ బండిని స్టార్టు చేయించి చూడవలెను. కోడు కార్డున్నచో ఆర్సీతోపాటు వ్రాయించి తీసికొనవలెను. చిప్పు లేని మామూలు డూప్లికేటు తాళంచెవితో ఆ బండి నడచినయెడల దానిలో ఇమ్మొబిలైజరు తీసివేసిరో, మొదటినుండియు లేదో తెలిసికొనక డబ్బు చెల్లింపరాదు. చేతికి వచ్చిన తరువాత ఉన్న తాళంచెవులను మరల జతపరపించుకొనిన, మునుపటి యజమానుల వద్దనో, వారి డ్రైవర్ల వద్దనో మిగిలిన తాళంచెవులు పెక్కు కార్లలో అంతటితో చెల్లకుండ పోవును. ఒక్క తాళంచెవియైన చేతనున్నంతవరకే ఈ పని స్వల్ప వ్యయముతో ముగియును.